లక్ష్మీదేవి వాహనాన్నే దీపావళికి బలి ఇమ్మంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణం. మా వారిది బియ్యం, పప్పుల టోకు వ్యాపారం. ఇంటి వెనకే గోదాము. రెండేళ్లుగా వ్యాపారం దెబ్బతిని అప్పులపాలయ్యాం. ఆ సమయంలో ఒక గురువుగారు పరిచయమై, ‘హత్థాజోడీ’ అనే వేరును సిందూరంలో పెట్టి ఇచ్చి, పూజగదిలో ఉంచమని పదకొండు వేలు తీసుకున్నారు. ఈమధ్య రాత్రిపూట మా నీళ్ల ట్యాంకు మీద తెల్లటి గుడ్లగూబ వాలి భయంకరంగా అరుస్తోంది. మా మామగారు పోయేముందు కూడా ఇలాగే అరిచిందని అత్తగారు వణికిపోతున్నారు. గురువుగారికి చెబితే, దీపావళి అమావాస్య రాత్రి గుడ్లగూబకు పూజచేసి బలి ఇస్తే కీడు పోతుందని, లక్ష్మి ఇంట్లోనే కట్టుబడి ఉంటుందని అన్నారు. పక్షిని ఆయనే తెస్తారట, మొత్తం ఎనభై వేలు. మా వారు చీటీ పాడి ఆ డబ్బు తెస్తానంటున్నారు. నేను దేవుణ్ణి నమ్మని మనిషిని కాను. ప్రతి శుక్రవారం లక్ష్మీపూజ చేసుకుంటాను. కానీ అమ్మవారి వాహనాన్ని చంపి అమ్మవారిని రమ్మనడం నాకు మింగుడుపడటం లేదు. తంత్రంలో జంతువులకు నిజంగా అంత మహిమ ఉందా? నేను అడ్డుపడితే పాపమా?

సమాధానం: అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అడ్డుపడండి. పాపం రాదు. ఒక పక్షి ప్రాణం, మీ కుటుంబం మెడకు చుట్టుకోబోయే ఇంకో ఎనభై వేల అప్పు, మీ వారి మీద పడబోయే కేసు, ఈ మూడూ ఇప్పుడు మీరు నోరు తెరవడం మీదే ఆధారపడి ఉన్నాయి.

అయితే ‘ఇదంతా మూఢనమ్మకం’ అని ఒక్క మాటతో అత్తగారిని కొట్టిపారేయకండి. ఆ మాట వింటే ఆమె ఇంకా గట్టిగా ఆ గురువు వైపే మొగ్గుతారు. ఆమె భయం నిజమైనది. ఆమెతో ఆమెకు తెలిసిన దేవుళ్ల మాటగానే మాట్లాడాలి. అలా మాట్లాడటానికి కావలసినదంతా మన గ్రంథాల్లో, మన ఆచారాల్లో ఉంది. మీకు మింగుడుపడని ఆ విషయం మన పూర్వులకూ మింగుడుపడలేదు.

తంత్రంలో ఒక జీవికి అర్థం ఎలా వస్తుందో చూడండి. ఆ జీవిలోని ఒక గుణానికీ మనిషి కోరికకూ పోలిక కుదురుతుంది. తాబేలు అవయవాలను డిప్పలోకి ముడుచుకుంటుంది కనుక ఇంద్రియ నిగ్రహానికి గుర్తయింది. భగవద్గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడికి చెప్పిన ఉపమానం అదే. చుట్టచుట్టుకుని పడుకునే పాము కుండలినికి రూపమైంది. చీకట్లో వేటాడే గుడ్లగూబ, ఎవరికీ కనిపించనిది తనకు కనిపించాలని కోరుకునే సాధకుడికి గుర్తయింది. ఇవన్నీ సాధకుడు తనలోకి తెచ్చుకోవలసిన గుణాలు. అంతర్యాగం, అంటే మనసు లోపలే చేసే పూజ, చెప్పే తంత్రాల్లో బలిపశువులు కూడా మనిషి లోపలే ఉంటాయి. కామం మేక, క్రోధం దున్న. కత్తి వేయవలసింది వాటి మీద.

అంగడి తంత్రం ఈ పోలికనే పట్టుకుని తలకిందులు చేసింది. గుణాన్ని వదిలేసి ఒంటిని అమ్ముతుంది. తోక కూడా తలలాగే మొద్దుగా ఉంటుంది కనుక రెండు తలల పాము సంపదను రెండింతలు చేస్తుందట. నిజానికి దానికి ఉన్నది ఒక్క తలే. విషం లేని ఆ అమాయకపు పాము, ఎవరైనా బెదిరిస్తే తలను చుట్టల కింద దాచుకుని తోకను పైకెత్తి ఆడిస్తుంది, దెబ్బ పడితే తోక మీదే పడాలని. ప్రాణం కాపాడుకోవడానికి నేర్చుకున్న ఆ ఉపాయమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. తూకం పెరిగే కొద్దీ లక్షలు పెరుగుతాయని ఆశపెట్టి, దాన్ని సంచుల్లో కుక్కి ఊళ్లు తిప్పుతున్న ముఠాలు మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడుతూనే ఉన్నాయి. నక్క కొమ్ము కథా అంతే. నక్కకు కొమ్ములుండవు. ఏదో జంతువు చర్మాన్నీ వెంట్రుకలనూ ముడివేసి నక్క కొమ్మని అమ్ముతారు. నక్క తోక తొక్కితే అదృష్టమన్న మాట మన నోళ్లలో నానుతున్నంత కాలం దానికీ గిరాకీ ఉంటుంది.

మీ గుడ్లగూబ దగ్గరికి వద్దాం. మీ గురువుగారు తంత్రం పేరు చెబుతున్నారు కనుక తంత్రంలోనే చూద్దాం. షట్కర్మలని ఆరు ప్రయోగాలు చెబుతారు: శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. ఉడ్డీశ తంత్రం లాంటి ప్రయోగ గ్రంథాల్లో గుడ్లగూబ ఈక కాకి ఈకతో జతగా కనిపించేది విద్వేషణంలో, అంటే కలిసి ఉన్న ఇద్దరిని విడదీసే ప్రయోగంలో. ఎందుకంటే ఆ రెండు పక్షులకూ పుట్టుకతో వైరం. పంచతంత్రంలో మూడో తంత్రం, కాకోలూకీయం, మొత్తం ఆ వైరం కథే. మహాభారతం సౌప్తిక పర్వంలోనూ అదే గుర్తు మరింత భయంకరంగా వస్తుంది. యుద్ధం ముగిసిన రాత్రి అశ్వత్థామకు నిద్రపట్టదు. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకులను ఒక గుడ్లగూబ వచ్చి చీల్చి చంపడం చూస్తాడు. అది తనకు ఉపదేశమనుకుంటాడు. ఆ రాత్రే శిబిరంలో జొరబడి, నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకులను చంపుతాడు. ఒక జంతువులో కనిపించిన గుర్తును తన కోరికకు అనువుగా చదువుకున్నవాడికి ఏమైందో కూడా వ్యాసుడు చెప్పాడు: తలలోని మణి పోయింది, మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరగమని శాపం తగిలింది. పక్షి తన ఆకలి కోసం వేటాడింది. దాన్ని ఆజ్ఞగా చదువుకున్నది అశ్వత్థామ.

కనుక ఆ ప్రయోగ గ్రంథాల లెక్కలో చూసినా, గుడ్లగూబను తెచ్చి ఇంట్లో ప్రయోగం చేయడమంటే కలహాన్ని పిలవడమే. ఈ మాట మీ అత్తగారికి తప్పకుండా చెప్పండి. మంత్రశాస్త్రమంటే భయభక్తులున్నవారికి ఇది వెంటనే తలకెక్కుతుంది.

ఇక లక్ష్మి వాహనం సంగతి. తెలుగువాళ్ల ఇళ్లలో లక్ష్మి ఎలా ఉంటుంది? పద్మంలో కూర్చుని, అటూ ఇటూ ఏనుగులు కుంభాలతో అభిషేకిస్తుండగా, గజలక్ష్మిగా. వరలక్ష్మీ వ్రతంలో కలశం మీద కొబ్బరికాయకు పసుపు రాసి ముఖం దిద్దుతాం. గుడ్లగూబ మన పూజలో ఎక్కడా రాదు. అది వచ్చేది బెంగాల్లో. శరత్పూర్ణిమనాడు వాళ్లు చేసే కోజాగరీ లక్ష్మీపూజలో అమ్మవారి పాదాల దగ్గర తెల్ల గుడ్లగూబ ఉంటుంది. మీ ట్యాంకు మీద వాలుతున్నది, మీరు చెప్పిన రంగును బట్టి, సరిగ్గా ఆ పక్షే. మనవైపు కొందరు చావు కబురు తెచ్చేదని రాళ్లు రువ్వే ఆ పక్షిని బెంగాలీలు ‘లక్ష్మీ గుడ్లగూబ’ అనే పిలుస్తారు. అది ఇంటికి వస్తే అదృష్టమని సంబరపడతారు, తరమరు. అదే పక్షి, అదే అరుపు. మరి కీడు ఆ పక్షిలోనే ఉంటే బెంగాల్లో ఎక్కడికి పోయింది?

పక్షి అరుపుకు భయపడటం కొత్త కాదు. ఋగ్వేదం పదో మండలంలో, 165వ సూక్తంలో, సరిగ్గా మీ ఇంటి పరిస్థితే ఉంది. ఇంట్లోకి పావురం వచ్చింది, గుడ్లగూబ కూసింది, అది యముడు పంపిన దూత అని ఇంటివాళ్లు భయపడ్డారు. ఋషి ఏం చేయమన్నాడు? ‘గుడ్లగూబ పలికినది వ్యర్థమగుగాక’ అన్నాడు. వచ్చిన పక్షి మన ఇంట మంగళకరమగుగాక, అపకారం చేయకుండుగాక అన్నాడు. మృత్యువుకు నమస్కారం చెప్పించాడు. మన బలాన్ని మనకు విడిచి అది ఎగిరిపోవుగాక అని ముగించాడు. ఐదు మంత్రాల సూక్తంలో పక్షిని పట్టమనిగానీ చంపమనిగానీ ఎక్కడా లేదు. అది క్షేమంగా ఎగిరిపోవడమే శాంతి. మీ ఊళ్లో వేదం చదువుకున్న పురోహితుణ్ణి పిలిచి ఈ సూక్తం చదివించండి. అత్తగారి మనసుకు ఊరట కలుగుతుంది. దక్షిణగా మీకు తోచినది ఇవ్వండి, అప్పు చేయనక్కరలేదు.

అశుభ శకునాలకు మన ఆచారం చూపిన దారి అంతటా ఇలాగే ఉంది. బల్లి మీద పడితే పంచాంగం తీసి ఫలం చూస్తాం, తలస్నానం చేసి దీపం పెడతాం. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వచ్చినవారిని తాకినా చాలనుకుంటాం. మీద పడిన బల్లిని చంపితే దోషం పోతుందని ఏ పెద్దలూ చెప్పలేదు.

మన సంప్రదాయంలో బలి లేదని నేను అనను. అలా అంటే అబద్ధమవుతుంది. గ్రామదేవతల జాతర్లలో ఉంది, శాక్త పీఠాల్లో ఉంది. కానీ బలి విధానాన్ని ఎంతో వివరంగా చెప్పిన కాళికా పురాణమే గుమ్మడికాయ, చెరుకుగడ అమ్మవారికి మేకతో సమానమైన తృప్తినిస్తాయని చెప్పింది. కొత్త ఇంటి ముందు, దుకాణం ముందు మనం బూడిద గుమ్మడికాయ కొట్టేది ఆ దారిలోనే. అత్తగారు ఏదో ఒకటి ఇవ్వాల్సిందేనని పట్టుబడితే, అమావాస్యనాడు గుమ్మడికాయ కొట్టించండి. ఇది రాజీ అనుకోకండి. శాస్త్రం ఒప్పుకున్న బలి.

మీ మామగారి విషయం సున్నితమైనది. మనిషి మంచాన ఉన్న ఇంట్లో రాత్రంతా దీపం వెలుగుతుంది. వెలుగుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం, వాటి వెనక వచ్చే బల్లులూ ఎలుకల కోసం గుడ్లగూబలు వస్తాయి. మిగతా రోజుల్లో అవి అరిచినా మనం నిద్రలో ఉంటాం. ఆ రోజుల్లో మాత్రం ఇల్లంతా మేలుకుని ఉంటుంది కనుక ప్రతి అరుపూ వినిపిస్తుంది, ఆ తర్వాత జరిగిన దానితో కలిసి మనసులో నాటుకుపోతుంది. అత్తగారికి ఇది వాదనగా చెప్పకండి. ఆ రోజుల గురించి ఆమెనే మాట్లాడనివ్వండి. భర్తను పోగొట్టుకున్న మనిషి ఆ రాత్రులను ఎవరితోనూ చెప్పుకోకుండా ఇన్నాళ్లూ మోసి ఉంటారు. ఆ అరుపు వినగానే ఆమె భయపడుతున్నది కొడుకు కోసం.

ఇప్పుడు పక్షి మీ ట్యాంకు మీదికే ఎందుకు వస్తోందో చూద్దాం. మీ ఇంటి వెనక బియ్యం గోదాము ఉందన్నారు కదా! రేపు ఉదయం మీ వారిని తీసుకుని ట్యాంకు కింద నేల మీద వెతకండి. బొటనవేలంత పొడవున, నల్లగా, ఎండితే బూడిద రంగుకు తిరిగే ఉండలు కనిపిస్తాయి. అది రెట్ట కాదు. గుడ్లగూబ ఎలుకను దాదాపు మొత్తంగా మింగుతుంది. అరగని బొచ్చు, ఎముకలు పొట్టలో ఉండకట్టాక నోటితో కక్కేస్తుంది. చేతికి సంచి తొడుక్కుని ఒక ఉండను నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పండి. బొచ్చు మధ్యలో సన్నటి పక్కటెముకలు, పసుపుపచ్చని ముందుపళ్లతో ఎలుక పుర్రె బయటపడతాయి. ఒక్కో ఉండలో రెండు మూడు పుర్రెలు కూడా ఉంటాయి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఆ పుర్రెలు మీ వారు తన కళ్లతో చూడాలి. అవన్నీ మీ బస్తాలకు కన్నాలు పెట్టిన ఎలుకలవి. ఈ పక్షికి రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద. హృదయాకారపు తెల్లటి ముఖం శబ్దాన్ని పోగుచేసి ఆ చెవులకు చేరవేస్తుంది. అందుకే కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో, గడ్డి కింద కదిలే ఎలుకను చప్పుడును బట్టే పట్టగలదు. రెక్కల అంచులు కుచ్చులా మెత్తగా ఉండటంతో ఎగిరేటప్పుడు చప్పుడు కాదు. మలేసియా పామాయిల్ తోటల్లో ఎలుకల కోసమే ఈ పక్షులకు గూడు పెట్టెలు కట్టి పెంచుతారు. మన వ్యవసాయ అధికారులు పొలాల్లో పక్షులు వాలడానికి కర్రలు పాతమనేదీ ఇందుకే. ధాన్యాన్ని కాపాడుతున్న పక్షిని ధాన్యలక్ష్మి పేరుతో చంపమంటున్నారు, అది నన్ను బాధిస్తోంది.

ఈ శకునం నిజంగా ఏదైనా చెబుతుంటే, గోదాములో ఎలుకలు మితిమీరాయని చెబుతోంది. బస్తాలను నేల మీద కాక చెక్కపలకల మీద, గోడకు మూరెడు ఎడంగా పేర్చండి. తలుపు కింద సందుకు రేకు కొట్టించండి. ఎలుకల మందు మాత్రం పెట్టకండి, మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబ కూడా చస్తుంది. ఎన్ని బస్తాలు పాడయ్యాయో ఒకసారి తూకం వేయించండి. రెండేళ్ల నష్టంలో ఎంత భాగం అక్కడ పోయిందో లెక్క తేలుతుంది.

పూజగదిలో ఉన్న దాని గురించి చెప్పడం కష్టంగానే ఉంది, కానీ చెప్పాలి. హత్థాజోడీ పేరుతో అమ్మేది, ముడుచుకున్న రెండు చిన్న చేతుల్లా, నల్లగా ఎండి ఉంటుంది. అరుదైన వేరని చెబుతారు. 2017లో దీని గుట్టు బయటపడింది. పరీక్షలు చేస్తే అది మగ ఉడుము జననాంగమని తేలింది. ఉడుముకు ఆ భాగం జంటగా ఉంటుంది, ఎండాక జోడించిన చేతుల్లా కనిపిస్తుంది. సిందూరం, నూనె పట్టిస్తే జంతువుదో మొక్కదో పోల్చుకోవడం కష్టం. కొన్నిచోట్ల ప్లాస్టిక్‌తో పోతపోసినవీ దొరికాయి. మీకిచ్చింది ఏదో చూడకుండా నేను చెప్పలేను. మీరు తెలియక చేసిన పూజకు అమ్మవారు కోపగించదు. ఆ భయం పెట్టుకోకండి. మోసం చేసింది అమ్మినవాడు.

కానీ చట్టం దృష్టిలో అది చిన్న విషయం కాదు. ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులోని, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోని, జీవి. దాన్ని చంపినా, దాని శరీర భాగాన్ని కొన్నా, దగ్గర ఉంచుకున్నా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. మన దేశంలో ముప్పైకి పైగా గుడ్లగూబ జాతులున్నాయి, వాటిని పట్టడం, అమ్మడం, చంపడం అన్నీ ఇదే చట్టం కింద నేరాలు. దీపావళి దగ్గరపడే కొద్దీ అటవీ శాఖలు ప్రత్యేకంగా నిఘా పెడతాయి. ‘పక్షిని నేనే తెస్తాను’ అన్న గురువుగారితో పాటు, డబ్బిచ్చి ఇంట్లో చోటిచ్చిన మీ వారు కూడా ముద్దాయి అవుతారు. మీ వారు వినని పక్షంలో ఈ ఒక్క సంగతి సూటిగా చెప్పండి.

ఆ వస్తువును గోదావరిలో వదలకండి, కాల్చకండి, ఇంకొకరికి ఇవ్వకండి. ముందు ఒక న్యాయవాదితో మాట్లాడండి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే మీ జిల్లా సంస్థ వివరాలు చెబుతారు. ఎప్పుడు, ఎవరు, ఏమని చెప్పి ఇచ్చారో, ఎంత తీసుకున్నారో రాసుకోండి. డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే ఆ వివరాలు చెరపకండి. న్యాయవాది సలహాతో, రాతపూర్వకంగా, అటవీ రేంజ్ అధికారి కార్యాలయంలో దాన్ని అప్పగించండి. తెలియక మోసపోయామని తామే ముందుకొచ్చి చెప్పినవారి పరిస్థితి, సోదాలో పట్టుబడినవారి పరిస్థితి ఒకటి కాదు.

అత్తగారికి చెప్పేటప్పుడు ఇంకొక మాట కూడా చెప్పండి. దసరానాడు పాలపిట్టను చూడటం మనకు శుభం. చెట్టు మీద వాలి, ఎగిరినప్పుడు నీలిరంగు రెక్కలు విచ్చుకోవడాన్ని చూసి చేతులు జోడించేవారు మన పెద్దలు. ఇప్పుడు కొందరు దాన్ని పట్టి, కాళ్లు కట్టి, రెక్కలు కత్తిరించి, పంజరంలో పెట్టి వీధుల్లో తిప్పి డబ్బుకు చూపిస్తున్నారు. అలా చిక్కిన పిట్టలు చాలావరకు మళ్లీ ఎగరలేవు. దర్శనమంటే ఆ జీవి తన ఇష్టాన తాను కనిపించడం. లక్ష్మీ వాహనం తనంతట తానే వచ్చి మీ ట్యాంకు మీద వాలింది. దానికన్నా ఎక్కువ ఏం కొనుక్కుంటాం, ఎనభై వేలు పోసి?

మీ వారితో మాట్లాడటానికి రాత్రి వేళ వద్దు. అరుపు వినబడే సమయంలో ఎవరూ స్థిమితంగా ఆలోచించలేరు. పగటిపూట, గోదాములో, ఆ ఎముకలు ముందు పెట్టుకుని మాట్లాడండి. చీటీ ఇంకా పాడలేదు కదా, ఈ నెల పాటకు వెళ్లవద్దని అడగండి. అప్పుల జాబితా వడ్డీలతో సహా ఒక కాగితం మీద ఆయన చేతనే రాయించండి. ఏ అప్పుకు వడ్డీ ఎక్కువో అది ముందు తీర్చే దారి చూడండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, చావు మాటలు మాట్లాడటం లాంటివి ఆయనలో కనిపిస్తే ఆలస్యం చేయకండి. 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ కౌన్సెలర్లు తెలుగులోనూ మాట్లాడతారు, ఖర్చుండదు.

గురువుగారు ఫోను చేస్తే మీ వారికి ఇవ్వకుండా మీరే మాట్లాడండి. మా ఇంట్లో ఈ పూజ జరగదు అని ఒక్కసారి చెప్పి పెట్టేయండి. శాపం తగులుతుందని, ఇంట్లో చావు జరుగుతుందని బెదిరిస్తే ఆ మాటలు ఫోనులో రికార్డు చేసి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. ఆయన దగ్గర ఇప్పటికే పక్షి బందీగా ఉందని తెలిస్తే మాత్రం దీపావళి దాకా ఆగకండి, అటవీ శాఖకు ఆ రోజే కబురు చేయండి.